అయస్కాంత నానోకణాలు: ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చినవేవి, దారిలో ఆగినవేవి

థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చేవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పెద్ద ల్యాబుల్లో టీఎస్‌హెచ్ కొలిచే కెమిల్యూమినిసెన్స్ యంత్రాలు ఎక్కువగా ఆ సీరంలో అయస్కాంత రేణువులు కలుపుతాయి. రెండు మూడు మైక్రాన్ల పాలిస్టైరీన్ పూస, దాని లోపల నానోమీటర్ల కొలతలో ఐరన్ ఆక్సైడ్ గింజలు, పైన ప్రొటీన్ పూత. హార్మోన్‌ను పట్టుకునే పని పూతది. పక్కన అయస్కాంతం పెట్టగానే పూసలన్నీ గోడకు చేరతాయి, మిగతా ద్రవాన్ని కడిగేసి వెలుతురు కొలుస్తారు. అయస్కాంత గుణం ఒక పదార్థానిది, మిగతా పనులు వేరే పదార్థానివి. హైబ్రిడ్ కణం అంటే ఇదే.

ఇలాంటి కణాలను ఒంట్లోకి పంపి వైద్యం చేయాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1957లోనే గిల్‌క్రిస్ట్ బృందం 20 నుంచి 100 నానోమీటర్ల ఐరన్ ఆక్సైడ్‌ను కుక్కల లింఫ్ నోడ్లలోకి చేర్చి, 1.2 మెగాహెర్ట్జ్ క్షేత్రంలో వేడెక్కించింది. అప్పటినుంచి వచ్చిన పరిశోధన పత్రాలకు లెక్క లేదు, రోగి దాకా వచ్చిన ఉత్పత్తులను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిని వరసగా చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. పరీక్ష గొట్టంలో విజయం పూర్తిగా దక్కింది. చర్మం కింద సూదితో వేసి లింఫ్ నోడ్‌ను గుర్తుపట్టే పనిలో బాగానే దక్కింది. కణితిలో వేసి వేడిచేసే పనిలో సగం దక్కింది. రక్తంలోకి ఎక్కించి అయస్కాంతంతో కావలసిన చోటికి లాక్కుపోవడం ఇప్పటికీ సాధ్యపడలేదు. ఇందులో అయస్కాంతత్వం తప్పు తక్కువ. కణం పూత ఒంట్లోని ఉప్పునూ ప్రొటీన్లనూ కాలేయాన్నీ ఎదుర్కొన్నప్పుడు ఏమవుతుందన్న దగ్గరే కథ మలుపు తిరుగుతుంది.

గింజ ఎందుకు చిన్నదిగా ఉండాలి

వాడే పదార్థం దాదాపు ఎప్పుడూ మాగ్నెటైట్ లేదా దాని ఆక్సీకరణ రూపం మాగ్హమైట్. కోబాల్ట్ ఇంతకంటే బలంగా పనిచేయగలదు కానీ అదీ, నికెల్ కూడా విషపూరితాలు. ఇనుమైతే ఒంటికి పాత చుట్టమే: పెద్దవాళ్ల శరీరంలో 3 నుంచి 4 గ్రాములు ఉంటుంది, కణం కరిగితే ఆ నిల్వలోనే కలిసిపోతుంది.

మాగ్నెటైట్ గింజ సుమారు 20 నానోమీటర్లకు లోబడి ఉంటే, గది వేడికే దాని అయస్కాంత దిశ అటూ ఇటూ తిరిగిపోతూ ఉంటుంది. బయటి క్షేత్రం ఉన్నంతసేపు బలంగా స్పందిస్తుంది, తీసేయగానే సగటు సున్నా. దీన్నే సూపర్‌పారామాగ్నెటిజం అంటారు. వైద్యంలో ఇది తప్పనిసరి, ఎందుకంటే క్షేత్రం తీశాక కూడా అయస్కాంతంగానే మిగిలే కణాలు ఒకదాన్నొకటి లాక్కుని ముద్దకడతాయి, ఆ ముద్ద సన్నటి రక్తనాళంలో అడ్డుపడుతుంది.

పూత వేస్తే లెక్క ఎలా మారుతుందో చూడండి. ముద్దగా ఉన్న మాగ్నెటైట్ సంతృప్త అయస్కాంతత్వం, అంటే క్షేత్రం ఎంత పెంచినా ఇక పెరగని హద్దు, గ్రాముకు 92 ఈఎంయూ (అయస్కాంత బలానికి కొలమానం). 10 నానోమీటర్ల గింజలకు 70 వస్తే మంచి బ్యాచ్. దాని మీద 10 నానోమీటర్ల మందంతో సిలికా పూత వేశారనుకుందాం. మొత్తం వ్యాసం 30, అంటే ఘనపరిమాణం 27 రెట్లు. సాంద్రతలు 5.2, 2 అనుకుని లెక్కవేస్తే బరువులో గింజ వాటా 9 శాతం, గ్రాముకు 6.4 ఈఎంయూ. సిలికా బదులు 5 నానోమీటర్ల బంగారం వేస్తే గింజ వాటా 3.7 శాతానికి దిగుతుంది, ఎందుకంటే బంగారం సాంద్రత 19.3. గ్రాముకు మిగిలేది 2.6.

ఈ అంకె చూసి పూత వేస్తే అయస్కాంతత్వం చచ్చిపోయిందని రాసేవాళ్లున్నారు. అది సరికాదు, ఒక్కో గింజ బలం అలాగే ఉంది, పక్కన మోసే బరువు పెరిగిందంతే. అందుకే కొలతను కణం గ్రాముకు కాకుండా ఇనుము గ్రాముకు చెప్పాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొంత నమూనా కరిగించి, ఫినాంత్రోలిన్ రంగుతో ఇనుము ఎంతుందో కొలవడం ఏ కాలేజీ ల్యాబులోనైనా అయ్యే పని. అయితే బరువు పెరగడం ఊరికే పోదు: అదే లాగే బలానికి పెద్ద కణం ద్రవంలో నెమ్మదిగా కదులుతుంది, అదే ఇనుము మోతాదు కోసం ఎక్కువ సరుకు ఎక్కించాలి. ఒకే కణంలో బొమ్మ తీసే రంగు, మందు, బంగారం, యాంటీబాడీ అన్నీ పెట్టామని చెప్పే పత్రాలను ఈ లెక్కతో చదివితే అసలు విషయం తెలిసిపోతుంది.

తయారీలో ఎక్కడ చెడుతుంది

సులువైన పద్ధతి సహ-అవక్షేపం, అంటే రెండు ఇనుప లవణాల ద్రావణంలోంచి గింజలను ఒకేసారి దింపడం, 1981లో మసార్ట్ అన్న పరిశోధకుడు చూపిన దారి. 100 మిల్లీలీటర్ల నీటిలో అరగంట నైట్రోజన్ పోనిచ్చి ఆక్సిజన్‌ను వెళ్లగొడతారు. అందులో 2.7 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, 1 గ్రాము ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ కరిగిస్తారు. మోలార్ నిష్పత్తి 2:1. 70–80 డిగ్రీలకు వేడిచేసి, వేగంగా కలుపుతూ 25 శాతం అమ్మోనియా సుమారు 10 మిల్లీలీటర్లు పోస్తే క్షణంలో నల్లబడుతుంది. పీహెచ్ 10 దగ్గర ఉండాలి. అరగంట నుంచి గంట ఉంచి, గాజుపాత్ర కింద అయస్కాంతం పెట్టి, పైనీరు వంపేసి, మళ్లీ మళ్లీ కడగాలి. లెక్క ప్రకారం 1.16 గ్రాములు రావాలి.

నల్లగా కాకుండా గోధుమ రంగు వచ్చిందంటే ఫెర్రస్ లవణం పాతబడి ఆక్సీకరణ చెందింది, లేదా నైట్రోజన్ చాలలేదు. లేత ఆకుపచ్చగా ఉండాల్సిన ఫెర్రస్ క్లోరైడ్ డబ్బాలో పసుపు రంగుకు తిరిగి ఉంటే నిష్పత్తి మొదటే తప్పినట్టు. మాగ్నెటిక్ స్టిరర్ ఇక్కడ పనికిరాదు, పుట్టిన కణాలన్నీ కలిపే పుల్లకే అంటుకుంటాయి. పైనుంచి మోటారుతో తిరిగే గాజు లేదా టెఫ్లాన్ రెక్క వాడాలి.

పెద్ద పొరపాటు తరువాత జరుగుతుంది. కడిగిన నల్లటి ముద్దను ఓవెన్‌లో ఆరబెట్టి, పొడి చేసి, సీసాలో దాచి, తీరిగ్గా పూత వేద్దామనుకుంటారు. ఒకసారి ఆరితే గింజలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తర్వాత ఎంత సోనికేషన్ (ధ్వని తరంగాలతో చెదరగొట్టడం) చేసినా వందల నానోమీటర్ల గుత్తులుగానే ఉంటాయి, పూత గుత్తి చుట్టూ పడుతుంది. తడి ఆరకముందే సిట్రిక్ ఆమ్లమో డెక్స్‌ట్రానో పట్టించాలి. డెక్స్‌ట్రాన్ ద్రావణంలోనే అవక్షేపం జరిపించడం ఇంకా మేలు. సిలికా పూతకు వాడే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్‌ను ఒక్కసారిగా పోస్తే గింజ లేని ఉత్త సిలికా బంతులు పుడతాయి, అందుకే గంటల తరబడి చుక్కచుక్కగా ఇవ్వాలి. బంగారంతోనూ ఇదే ఇబ్బంది. ద్రావణం ఎర్రబడిందని సంబరపడితే చాలదు, అయస్కాంతంతో కణాలను ఒకవైపుకు లాగి పైద్రవం చూడాలి. అదింకా ఎర్రగానే ఉంటే ఆ బంగారం గింజల మీద లేదు, విడిగా తిరుగుతోంది.

నీటిలో చక్కగా నిలిచిన కణాలు ఒంట్లో ఎందుకు నిలవవు అన్న ప్రశ్నకు జవాబు ఉప్పులో ఉంది. సిట్రేట్ పూత కణాలను విద్యుదావేశంతో దూరంగా ఉంచుతుంది. 1 మిల్లీమోలార్ ఉప్పులో ఆ వికర్షణ దాదాపు 10 నానోమీటర్ల దూరం పనిచేస్తుంది, సెలైన్ గాఢతలో 0.8 నానోమీటర్లకు కుంచించుకుపోతుంది. దాంతో కణాలు దగ్గరకొచ్చి ముద్దకడతాయి. డెక్స్‌ట్రాన్, పాలిఇథిలీన్ గ్లైకాల్ లాంటివి ఆవేశం మీద ఆధారపడకుండా తమ పొడుగాటి గొలుసులతోనే అడ్డుగా నిలుస్తాయి కాబట్టి సెలైన్‌లోనూ గెలుస్తాయి. ఆస్పత్రి దాకా వచ్చిన ఉత్పత్తుల్లో చక్కెర గొలుసుల పూతలే ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. బంగారు పూత కణాల బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి గానీ మందుల అల్మరాలో కనిపించవు.

శుద్ధి దగ్గర ఇంకో చిక్కు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడికి చాలా పూతలు ఊడిపోతాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకడితే సూక్ష్మజీవులు పోతాయి. వడకట్టాక ఫిల్టర్ కాగితం ముదురు గోధుమ రంగులో, కిందికి దిగిన ద్రవం వెలిసిన రంగులో ఉందంటే సరుకులో సగం గుత్తులుగా పైనే ఉండిపోయింది. బ్యాక్టీరియా మిగిల్చే విషం ఎండోటాక్సిన్ మాత్రం ఫిల్టర్‌కు ఆగదు. గాజుసామాను 250 డిగ్రీల్లో అరగంట కాల్చి మొదటినుంచే జాగ్రత్తపడాలి. దాన్ని కొలిచే రంగు పరీక్ష 405 నానోమీటర్ల వెలుతురు మీద నడుస్తుంది, ఐరన్ ఆక్సైడ్ ఆ వెలుతురును తానే మింగుతుంది. కణాలు మాత్రమే ఉన్న కంట్రోల్ పెట్టకపోతే ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

గొట్టంలో గెలిచినా ఒక మెలిక

కోవిడ్ కాలంలో ఆర్టీ-పీసీఆర్ ల్యాబుల్లో ఆర్‌ఎన్‌ఏ తీసే యంత్రాలు చాలావరకు సిలికా పూత ఉన్న అయస్కాంత పూసల మీదే నడిచాయి. గ్వానిడిన్ లవణంలో వైరస్ పగిలి ఆర్‌ఎన్‌ఏ సిలికాకు అంటుకుంటుంది, ఇథనాల్‌తో కడిగి, చివర కొద్దిపాటి నీటిలోకి వదిలిస్తారు. ఇథనాల్ మిగిలితే పీసీఆర్ ఆగుతుంది. అలాగని అతిగా ఆరబెడితే పూసల పొర బీటలువారి ఆర్‌ఎన్‌ఏ వదలదు. సీసాను బాగా కుదపకుండా పూసలు పంచితే ఒక గుంటలో ఎక్కువ, మరో గుంటలో తక్కువ పడి, అదే నమూనాకు రెండు ఫలితాలు వస్తాయి.

థైరాయిడ్ పరీక్షలో మెలిక వేరు. కొన్ని యంత్రాల్లో పూసల మీద స్ట్రెప్టావిడిన్ అన్న ప్రొటీన్ ఉంటుంది, అది బయోటిన్ తగిలించిన యాంటీబాడీని పట్టుకుంటుంది. బయోటిన్ ఒక విటమిన్, మనకు రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ బయోటిన్ రక్తంలో తిరుగుతూ పూసల మీది చోటంతా ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, టీ3, టీ4 తప్పుగా ఎక్కువ వస్తాయి. కాగితం మీద అచ్చంగా గ్రేవ్స్ వ్యాధి, అంటే థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటు తెలిపే ట్రోపోనిన్ ఇలాగే తప్పుగా తక్కువ వచ్చి ఒకరు మరణించిన ఉదంతాన్ని అందులో ప్రస్తావించింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆ మాత్రలు ఆపడం, వాడుతున్నట్టు ల్యాబులో చెప్పడం దీనికి మందు.

సర్జన్ చేతిలో: సెంటినల్ నోడ్

ఒంట్లో వాడకం విషయంలో గట్టిగా నిలబడింది రొమ్ము క్యాన్సర్ సర్జరీ. కణితి నుంచి లింఫ్ ద్రవం మొదట చేరే నోడ్‌ను సెంటినల్ నోడ్ అంటారు. దాన్ని తీసి చూస్తే క్యాన్సర్ చంకలోకి పాకిందో లేదో తెలుస్తుంది. పాకకపోతే చంకలోని నోడ్లన్నీ తీయనక్కర్లేదు, చెయ్యి వాపు వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. ఆ నోడ్‌ను కనిపెట్టడానికి పాత పద్ధతి టెక్నీషియం-99ఎం అన్న రేడియోధార్మిక ఐసోటోప్, నీలిరంగు కలిపి వేయడం. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలు. దాన్ని ఇచ్చే మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు, అందువల్ల ఆ మాలిబ్డినం నింపిన జనరేటర్ పెట్టె దాదాపు వారానికొకటి కావాలి. 2009 మేలో, మాలిబ్డినం తయారుచేసే కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఆగి 2010 ఆగస్టు దాకా మొదలు కాకపోవడంతో ప్రపంచమంతా కొరత ఏర్పడింది. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం లేని ఊళ్లకు ఆ కొరత ఎప్పుడూ ఉన్నదే. మన జిల్లా కేంద్రాల్లో సర్జన్లు చాలాచోట్ల నీలిరంగుతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఈ ఖాళీలోకి బ్రిటన్‌కు చెందిన ఎండోమాగ్ సంస్థ వచ్చింది. మాగ్‌ట్రేస్ అన్న ద్రవం, సెంటిమాగ్ అన్న చేతి ప్రోబ్. ద్రవంలో ఉన్నది కార్బాక్సీడెక్స్‌ట్రాన్ పూత వేసిన ఐరన్ ఆక్సైడ్, పూతతో కలిపి సుమారు 60 నానోమీటర్లు. ఈ కొలత ఊరికే ఎంచుకున్నది కాదు. మరీ చిన్న కణం మొదటి నోడ్‌లో ఆగకుండా ముందుకు పోతుంది, వందల నానోమీటర్ల కణం సూది దిగిన చోటే ఉండిపోతుంది. 2014లో వచ్చిన బ్రిటన్-నెదర్లాండ్స్ అధ్యయనంలో 160 మంది రోగులకు రెండు పద్ధతులూ కలిపి వాడారు. పాత పద్ధతితో 95 శాతం మందిలో, అయస్కాంత పద్ధతితో 94.4 శాతం మందిలో నోడ్ దొరికింది. 2018 జులైలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

పని నడిచే తీరు ఇది. 2 మిల్లీలీటర్ల ద్రవాన్ని చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద లోతుగా వేసి, 5 నిమిషాలు మర్దన చేస్తారు. కనీసం 20 నిమిషాలు ఆగాలి. కొన్ని వారాల ముందు వేసినా నోడ్‌లో నిలిచే ఉంటుంది, ఐసోటోప్‌తో ఇది ఊహించలేని వెసులుబాటు. సర్జన్ ప్రోబ్‌ను రోగికీ లోహానికీ దూరంగా గాలిలో పట్టుకుని సున్నా చేసి, తర్వాత చంక మీద ఆనిస్తాడు. ప్రోబ్ నుంచి దిశ మారుతూ ఉండే బలహీన క్షేత్రం వెలువడుతుంది, దగ్గర్లో ఐరన్ ఆక్సైడ్ ఉంటే అంకె, శబ్దం పెరుగుతాయి. అందేది రెండు మూడు సెంటీమీటర్ల లోతు వరకే. చర్మం మీంచి సూచన సరిగా అందకపోతే కోత పెట్టాక లోపల నొక్కి వెతకాలి. తీసిన నోడ్‌ను విడిగా కొలిచి, అన్నిటికంటే ఎక్కువ చూపిన నోడ్ అంకెలో 10 శాతం దాటిన ప్రతి నోడ్‌నూ తీస్తారు. కంటికి గోధుమ, నలుపు రంగుల్లో కనిపించేవాటినీ వదలరు.

చిక్కులన్నీ లోహంతోనే. ప్రోబ్‌కు కోత అంచులను పట్టి ఉంచే స్టీలు రిట్రాక్టర్ కూడా అయస్కాంత పదార్థంలాగే కనిపిస్తుంది, అంకె ఎగిరిపోతుంది. అందుకని కొలిచేటప్పుడు గాయంలో ప్లాస్టిక్ రిట్రాక్టర్లు, ప్లాస్టిక్ ఫోర్సెప్స్ మాత్రమే ఉండాలి, లేదా లోహపు సామానంతా పక్కకు తీయాలి. ఇది అలవాటు లేని బృందంతో మొదటి కేసులు నెమ్మదిగా సాగుతాయి. ప్రోబ్ ఒంటి వేడికి వెచ్చబడితే సున్నా జరుగుతుంది, పదేపదే గాలిలో సరిచేసుకోవాలి. కణితి రొమ్ము పైభాగంలో చంకవైపు ఉంటే, సూది వేసిన చోటి సంకేతమే చంకలోకి పాకి అసలు నోడ్‌ను కప్పేస్తుంది. అప్పుడు రొమ్మును లోపలివైపుకు లాగిపట్టి కొలవాలి. ఛాతీలో పేస్‌మేకర్ ఉన్నవారికీ, ఒంట్లో ఇనుము పేరుకుపోయే జబ్బు ఉన్నవారికీ, డెక్స్‌ట్రాన్ పడనివారికీ ఈ దారి సరిపోదు.

ఆపరేషన్ తర్వాత కూడా రెండు మిగులుతాయి. సూది వేసిన చోట చర్మం మీద గోధుమ మచ్చ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్లపాటు ఉంటుంది. రొమ్మును నిలిపే సర్జరీ చేయించుకున్న మనిషికి అది చిన్న విషయం కాదు, ముందే చెప్పాలి. లోతుగా వేయడం, మోతాదు తగ్గించడం వల్ల మచ్చ తగ్గుతుంది. రెండోది ఎంఆర్ఐ. మిగిలిన ఇనుము బొమ్మలో నల్లటి గుంట చేస్తుంది, ఆ పక్క రొమ్మును ఎంఆర్ఐతో గమనించాల్సిన రోగికి ఈ ద్రవం తగదు. పాథాలజిస్టుకూ కబురు పంపాలి, నోడ్‌లోని మాక్రోఫేజ్ కణాల్లో కనిపించే గోధుమ రంగు పాత రక్తస్రావం మిగిల్చే హీమోసిడరిన్‌లా ఉంటుంది, ఇనుమును చూపే పెర్ల్స్ రంగు వేస్తే రెండూ నీలంగానే వస్తాయి.

ఐసోటోప్ చేయలేని పని ఒకటి ఈ నిలకడతో సాధ్యమైంది. పాల నాళాలను దాటని తొలిదశ క్యాన్సర్ అని బయాప్సీ చెప్పినప్పుడు నోడ్ తీయాలా వద్దా అన్నది ఎప్పుడూ చిక్కే. స్వీడన్‌లో చేసిన సెంటినాట్ అధ్యయనంలో తొలి ఆపరేషన్ అప్పుడే ద్రవం వేసి నోడ్‌ను గుర్తుపెట్టి వదిలేశారు. తుది రిపోర్టులో నాళం దాటిన క్యాన్సర్ కనిపిస్తేనే వెనక్కి వచ్చి నోడ్ తీశారు. మిగతావారికి చంక ఆపరేషన్ తప్పింది. ఈ రంగంలో కణం గుణాన్నీ రోగి అవసరాన్నీ ఇంత చక్కగా జతకలిపిన ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

వేడి: 5 నానోమీటర్ల తేడా

కణితిలో కణాలు నింపి, దిశ మారే క్షేత్రంలో పెట్టి వేడెక్కించడం హైపర్‌థెర్మియా. వేడి పుట్టాలంటే గింజ అయస్కాంత దిశ తిరగడానికి పట్టే సమయం క్షేత్రం వేగానికి సరిపోవాలి. 100 కిలోహెర్ట్జ్‌కు సరిపోయే సమయం 1.6 మైక్రోసెకన్లు. మాగ్నెటైట్‌కు ఘనమీటరుకు 20 కిలోజౌళ్ల అనైసోట్రపీ (దిశ తిరగడానికి దాటాల్సిన శక్తి అడ్డు) తీసుకుని లెక్కిస్తే, ఒంటి వేడిలో 10 నానోమీటర్ల గింజకు 12 నానోసెకన్లు, 15 నానోమీటర్ల గింజకు దాదాపు 4 మైక్రోసెకన్లు, 20 నానోమీటర్ల గింజకు 0.3 సెకను వస్తుంది. వ్యాసం రెట్టింపు అయితే సమయం రెండు కోట్ల రెట్లకు పైగా పెరిగింది. 15 సగటుతో 12 నుంచి 18 దాకా చెదిరిన బ్యాచ్‌లో బాగా వేడెక్కేవి మధ్యలో ఉన్న కొన్నే. సగటు కొలత రాసి, చెదురు ఎంతో చెప్పని పత్రం వల్ల ప్రయోజనం లేదనడానికి కారణం ఇదే. సమ పరిమాణం కావాలంటే సహ-అవక్షేపం చాలదు, ఐరన్ ఓలియేట్‌ను 320 డిగ్రీల దగ్గర విడగొట్టే పద్ధతి కావాలి. ఆ కణాలు నూనెలో పుడతాయి, నీటిలోకి మార్చడానికి మళ్లీ పూత తిప్పలు.

బీకరులో కొలిచిన వేడి కణితిలో రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. ద్రవంలో కణం మొత్తంగా గిర్రున తిరిగి కూడా వేడి పుట్టిస్తుంది. కణజాలంలో ఇరుక్కున్నాక, జీవకణం లోపలికి మింగబడ్డాక ఆ తిరుగుడు ఆగిపోతుంది. కాబట్టి కొలతను గట్టి అగరోజ్ జెల్‌లో చేసి చూపనివాళ్ల అంకెలు ఆశాజనకంగా ఉంటాయి, అంతే.

క్షేత్రాన్ని ఇష్టం వచ్చినంత పెంచలేం. మారే క్షేత్రం ఒంట్లోనే సుడి విద్యుత్తు పుట్టించి, కణితి లేనిచోట కూడా కాలుస్తుంది. క్షేత్ర బలాన్నీ పౌనఃపున్యాన్నీ గుణిస్తే 4.85×10⁸ దాటకూడదన్న పాత హద్దు ఉంది, అంటే 100 కిలోహెర్ట్జ్ వద్ద మీటరుకు 4.85 కిలోఆంపియర్లు. చిన్న భాగానికైతే 5×10⁹ దాకా వెళ్లవచ్చని తరువాత ప్రతిపాదించారు. 500 కిలోహెర్ట్జ్, 30 కిలోఆంపియర్లతో ఎలుకలో కణితి కరిగిందని చెప్పే ఫలితం 1.5×10¹⁰కి చేరుతుంది. మనిషి నడుముకు అది వర్తించదు. సుడి విద్యుత్తు వేడి శరీరపు అడ్డుకొలత వర్గంతో పెరుగుతుంది.

మనుషుల మీద దీన్ని దూరం తీసుకెళ్లింది బెర్లిన్‌లోని మాగ్‌ఫోర్స్. అమైనోసిలేన్ పూత, 12 నానోమీటర్ల గింజ, మిల్లీలీటరుకు 112 మిల్లీగ్రాముల ఇనుము, 100 కిలోహెర్ట్జ్ యంత్రం. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమా అన్న మెదడు క్యాన్సర్ ఉన్న 59 మందిలో, రేడియేషన్‌తో కలిపి, తిరగబెట్టినట్టు తెలిసిన నాటినుంచి మధ్యస్థ ఆయుష్షు 13.4 నెలలని 2011లో ప్రకటించారు. పోల్చడానికి రెండో బృందం లేదు, రేడియేషన్ వాటా ఎంతో విడదీయలేం. యూరప్ అనుమతి 2010లోనే వచ్చింది. అడ్డు తగిలింది ఆచరణలో. చికిత్స చోటికి 40 సెంటీమీటర్ల లోపు లోహం ఉండరాదు, తలకైతే పళ్లలో నింపిన లోహం, తొడుగులు కూడా తీసేయాలి. నింపిన ఇనుము ఉండిపోతుంది కాబట్టి మెదడు కణితికి ముఖ్యమైన ఎంఆర్ఐ ఇక పనికిరాదు, సీటీతోనే నెట్టుకురావాలి. 2022లో సంస్థ దివాలా ప్రకటించింది.

రక్తంలోకి పంపితే

మందును కణానికి కట్టి, బయటి అయస్కాంతంతో కణితి దగ్గర ఆపడం వినడానికి బాగుంటుంది. 5 సెంటీమీటర్ల వ్యాసం, అంతే మందం ఉన్న నియోడిమియం అయస్కాంతం ముఖం దగ్గర 0.58 టెస్లా చూపితే, 5 సెంటీమీటర్ల లోతున 0.05, 10 సెంటీమీటర్ల లోతున 0.01 మిగులుతుంది. లాగే బలం క్షేత్రంతో పాటు దాని వాలు మీద కూడా ఆధారపడుతుంది కనుక ఇంకా వేగంగా పడిపోతుంది. 1996లో జర్మనీలో 14 మంది రోగులకు ఎపిరూబిసిన్ కట్టిన కణాలు ఎక్కించి చూశారు. అది మామూలు వైద్యంగా మారలేదు. చర్మానికి దగ్గరి కణితులకైతే సూదితో నేరుగా వేయవచ్చు, లోతు కణితులకు అయస్కాంతం అందదు. ఈ రెండింటి మధ్య పద్ధతికి మిగిలిన చోటు చాలా ఇరుకు.

రక్తంలో పడిన కణాల మీద నిమిషాల్లో ప్రొటీన్లు పొరలా అంటుకుంటాయి, కాలేయంలోని కప్ఫర్ కణాలు వాటిని పట్టి మింగేస్తాయి. దీన్ని అడ్డంకిగా కాక అవకాశంగా వాడుకున్న ఉత్పత్తి ఫెరిడెక్స్. ఆరోగ్యంగా ఉన్న కాలేయం ఇనుము మింగి ఎంఆర్ఐలో నల్లబడుతుంది, కప్ఫర్ కణాలు లేని కణితి తెల్లగా బయటపడుతుంది. 1996లో అమెరికా అనుమతి పొందింది, గడోలినియం రంగులు పోటీకి రావడంతో 2008లో ఆగింది.

ఈ కుటుంబంలో ఇప్పటికీ రక్తంలోకి ఎక్కిస్తున్నది ఫెరుమాక్సిటాల్. 2009లో అనుమతి వచ్చింది, మూత్రపిండాల జబ్బులో రక్తహీనతకు వాడే ఇనుము మందుగా. 17 మిల్లీలీటర్లలో 510 మిల్లీగ్రాముల ఇనుము, 3 నుంచి 8 రోజుల తేడాతో రెండు మోతాదులు. మొదట్లో దీన్ని నిమిషం కూడా పట్టకుండా సిరలోకి తోసేయడానికి అనుమతి ఉండేది. ప్రాణాంతక అలర్జీలు నమోదయ్యాక 2015లో తీవ్ర హెచ్చరిక జోడించి, పలచన చేసి కనీసం 15 నిమిషాలపాటు ఎక్కించాలని, తర్వాత అరగంట గమనించాలని మార్చారు. చక్కెర గొలుసుల పూత కూడా అందరికీ పడదు.

ఇది ఎక్కించుకున్నవారి ఎంఆర్ఐ బొమ్మలు 3 నెలల దాకా మారి కనిపించవచ్చు. వీలైతే స్కాన్ ముందు చేయించి తర్వాత మందు ఎక్కించడం మేలు. తప్పనిసరి అయితే టీ1 లేదా ప్రోటాన్ డెన్సిటీ సీక్వెన్సులు వాడమని రేడియాలజిస్టుకు చెప్పాలి. సీటీ, పెట్, అల్ట్రాసౌండ్‌లకు దీనితో ఇబ్బంది లేదు. డయాలసిస్ విభాగంలో ఇచ్చిన మందు సంగతి స్కాన్ సెంటర్‌కు దానంతటదే చేరదు కాబట్టి, ఎక్కించిన తేదీ డిశ్చార్జ్ కాగితం మీద రాసి ఇవ్వాలి.